కట్టెలు కొట్టడం తెలివితో పనిలేని పనా?



"చదువు అబ్బకపోతే కట్టెలు కొట్టుకు బతకాలి" అని పెద్దలు పిల్లల్ని మందలించడం మీరు వినే ఉంటారు. కట్టెలు కొట్టడానికి, మోయడానికి కండబలం ఉంటే చాలు, బుద్ధితో పని లేదని ఆ మాటకు అర్థం. ఇది సరి కాదని నా అభిప్రాయం. దీనికి సాక్ష్యం మంచు దేశాల నుంచి తీసుకుందాం. ఎందుకంటే అక్కడ ఈ పనిలో లెక్క తప్పితే ఒక్కోసారి ప్రాణానికే ముప్పు.

ఫిన్లాండ్, స్వీడన్, కెనడా దేశాల ఉత్తర ప్రాంతాల్లో చలికాలంలో ఉష్ణోగ్రత సున్నాకు 20, 30 డిగ్రీలు దిగువకు పోవడం అరుదు కాదు. అంత చలిలో కట్టెల కోసం అడవికి పోవడమెందుకు అని మీకు తోచవచ్చు. వేసవిలో అక్కడి అడవుల్లో బురదనేలలు ఎక్కువ, బండి దిగబడుతుంది. చలికాలంలో ఆ బురద రాయిలా బిగుసుకుంటుంది. చెరువు గడ్డకట్టి దారి అవుతుంది. గుంతల్ని మంచు పూడ్చేస్తుంది. అప్పుడు చక్రాలు లేని స్లెడ్జి బండి మీద పెద్ద బరువులు సులువుగా లాగవచ్చు. నేడు చాలాచోట్ల ట్రాక్టర్లు వచ్చాయి గాని, పూర్వం గుర్రాలే లాగేవి. 19వ శతాబ్దం చివరి రోజుల్లో అమెరికా ఉత్తర అడవుల పనివారు దుంగలు లాగే దారులపై రాత్రిళ్ళు నీళ్ళు చల్లి, గడ్డకట్టించి, నున్నని రోడ్లు తయారు చేసుకునేవారు.

ఈ పనిలో ముఖ్యంగా కనిపెట్టి ఉండవలసింది నీటిని. స్లెడ్జి కింద, ఒంటిమీది బట్టల్లో, కట్టె లోపల, ఈ మూడు చోట్లా నీటి సంగతి చూసుకోవాలి.

ముందు స్లెడ్జి కింది నీరు. బరువు వల్ల పీడనం పెరిగి, మంచు కరిగి, ఆ నీటిపై స్లెడ్జి జారుతుందని చాలా పుస్తకాల్లో రాశారు. నిజమో కాదో లెక్క వేద్దాం. కట్టెలతో కలిపి బండి బరువు 1,000 కిలోలు అనుకోండి. కింద రెండు పట్టీలు. ఒక్కొక్కటి 2 మీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు. మొత్తం వైశాల్యం 0.4 చదరపు మీటరు. పీడనం సుమారు పావు అట్మాస్ఫియరు మాత్రమే. ఒక అట్మాస్ఫియరు పీడనానికి మంచు ద్రవీభవన స్థానం తగ్గేది 0.0075 డిగ్రీలే. అంటే ఇక్కడ 0.002 డిగ్రీలు! పట్టీ మంచును కొన్ని బిందువుల దగ్గరే తాకుతుంది గనుక అక్కడ పీడనం నూరు రెట్లని ఒప్పుకున్నా, 0.2 డిగ్రీలు దాటదు. చలి మైనస్ 20 డిగ్రీలున్నప్పుడు దీనివల్ల మంచు ఎలా కరుగుతుంది?

మంచుగడ్డ ఉపరితలంపై పలుచని ద్రవపు పొర ఉంటుందని ఫారడే 1850లోనే ఊహించాడు. జారేటప్పుడు పుట్టే ఘర్షణ వేడి కూడా మంచును కరిగిస్తుందని బౌడెన్, హ్యూస్ 1939లో ప్రయోగాలతో చూపించారు. చలి మరీ ముదిరితే ఆ పొర చాలదు. మంచు ఇసుకలా బండిని పట్టేస్తుంది. అలాంటి రోజున బరువు తగ్గించాలని బండి తోలేవాడికి పుస్తకం చెప్పనక్కర లేదు.

రెండవది బట్టల్లోని నీరు. గొడ్డలి పట్టి పది నిమిషాలు పనిచేస్తే మైనస్ 20 డిగ్రీల్లో కూడా చెమట పడుతుంది. పని సాగినంతసేపు బాధ లేదు. ఆగగానే అసలు చిక్కు మొదలవుతుంది. నీటి ఉష్ణవాహకత గాలికి 20 రెట్ల పైచిలుకు. తడి బట్ట ఒంటి వేడిని బయటికి లాగేస్తుంది. శరీరం లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల కంటే తగ్గితే ముందు వణుకు, తర్వాత తికమక, చివరకు స్పృహ తప్పడం. 1911లో అంటార్కిటికా చలికాలపు చీకట్లో స్లెడ్జిలు లాగిన విల్సన్, బవర్స్, చెర్రీ-గారార్డ్‌ల బట్టల్లో చెమటే గడ్డకట్టి వాటిని రేకుల్లా బిగదీసింది. అందుకే అనుభవం గల పనివాడు పని మొదలుపెట్టేముందే కోటు విప్పుతాడు, ఆగగానే తొడుక్కుంటాడు. లోపల నూలుబట్ట కాక ఉన్ని వేసుకుంటాడు. చూసేవాళ్ళకు ఇది తలకిందుల పనిలా కనిపిస్తుంది. కాని భౌతికశాస్త్రం అతని పక్షమే.

మూడవది కట్టెలోని నీరు. పచ్చి కట్టె బరువులో దాదాపు సగం నీరే. కిలో పచ్చి కట్టెలో అర కిలో నీరు, అదీ గడ్డకట్టి ఉందనుకోండి. గ్రాముకు కరగడానికి 80, మరిగే స్థానం చేరడానికి 100, ఆవిరి కావడానికి 540, మొత్తం 720 కేలరీలు. 500 గ్రాములకు 3,60,000 కేలరీలు. మిగిలిన అర కిలో కట్టె ఇచ్చే వేడిలో ఇది సుమారు ఆరోవంతు. ఆపైన మంట మందగిస్తుంది, పొగ పెరుగుతుంది, పొగగొట్టంలో తారు పేరుకుని ఎప్పుడో నిప్పంటుకుంటుంది. కనుక ఈ చలికాలం కొట్టి తెచ్చిన కట్టెను చీల్చి, గాలాడేలా పేర్చి, వేసవి ఎండకు ఆరనిచ్చి తర్వాతి చలికాలంలో వాడతారు. ఏడాది ముందుచూపు లేనివాడి ఇల్లు వెచ్చబడదు.

"వాళ్ళకు గుప్తోష్ణం అంటే ఏమిటో తెలుసా?" అని మీరు అడగవచ్చు. పేరు తెలియకపోవచ్చు. కాని పేరు కంఠస్థం చేసి, చెమట బట్టలతో చలిలో కూర్చునేవాడి కంటే, పేరు తెలియక కోటు విప్పేవాడే నయం. అనుభవమంతా ఒప్పేనని నేననను. దాన్ని కూడా పరీక్షించవలసిందే, పైన పుస్తకంలోని మాటను పరీక్షించినట్టే. పరీక్ష ఇద్దరికీ ఒకటే ఉండాలి. అచ్చయిన మాటకు గౌరవం, చేతిపనివాడి మాటకు చిన్నచూపు అన్నది సైన్సు పద్ధతి కాదు.

మీలో కట్టెలు మోసే ఇళ్ళ నుంచి వచ్చినవారు ఉంటే ఆ సంగతి చెప్పుకోవడానికి సిగ్గుపడకండి. మీ ఇంట్లో ఎన్ని సూత్రాలు పనిచేస్తున్నాయో గమనించి క్లాసులో చెప్పండి. మిగిలినవారు ఒక చిన్న పని చేయండి. అప్పుడే నరికిన పచ్చి పుల్ల నొకదాన్ని తూచి, నీడలో గాలికి ఉంచి, వారానికోసారి తూచి రాసుకోండి. అది ఎంత నీరు కోల్పోయిందో మీ నోటుబుక్కే చెబుతుంది.