ఛాతీలోకి ఎక్కిన కడుపు: ఎక్స్‌రే చాలా, సీటీ కావాలా?

రోడ్డు ప్రమాదంలో పొట్టకు గట్టి దెబ్బ తగిలితే, ఒక్కోసారి ఛాతీని పొట్టను వేరుచేసే డయాఫ్రమ్ చిరుగుతుంది. ఆ చిరుగులోంచి కడుపు, పేగులు మెల్లగా పైకి ఎక్కుతాయి. తుపాకీ గాయమై ఎనిమిది నెలలకు చనిపోయిన ఒక సైనికాధికారిలో ఇలా పేగు చిక్కుకుపోయిందని ఫ్రెంచ్ సర్జన్ ఆంబ్రోయిజ్ పారే 1579లో రాశాడు. ఆయనకు అది శవాన్ని కోస్తేగాని తెలియలేదు. ఇప్పుడు రోగి బతికుండగానే చూడొచ్చు. దేనితో చూడాలన్న దగ్గరే పేచీ.

ఎక్స్‌రేను తీసిపారేయడానికి లేదు. మంచం దగ్గరికే వస్తుంది, ఖర్చు తక్కువ, రేడియేషన్ 0.1 మిల్లీసీవర్ట్ లోపే. ఛాతీ సీటీకి మామూలుగా ఐదారు మిల్లీసీవర్ట్‌లు అవుతుంది కాబట్టి చిన్నపిల్లల విషయంలో ఆలోచించాల్సిందే. ముక్కులోంచి కడుపులోకి వేసిన గొట్టం కొస ఎడమ ఛాతీలో మెలిక తిరిగి కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు.

కానీ అంత స్పష్టంగా కనిపించేది కొందరిలోనే. వెంటిలేటర్ గాలిని లోపలికి నెడుతుంటే ఛాతీలో ఒత్తిడి పెరిగి, చిరుగున్నా పేగులు కిందే ఆగిపోతాయి. ఫిల్ము మామూలుగానే ఉంటుంది. వెంటిలేటర్ తీశాక అసలు సంగతి బయటపడుతుంది. కుడివైపు చిరిగితే కాలేయం పైకి జరిగినా డయాఫ్రమ్ కాస్త ఎత్తుగా ఉన్నట్టే తోస్తుంది. అన్నిటికన్నా భయం వేసేది మరొకటి: గాలితో ఉబ్బి పైకెక్కిన కడుపును ఊపిరితిత్తి చుట్టూ చేరిన గాలి అనుకుని గొట్టం గుచ్చితే, చిల్లు పడేది కడుపుకే.

సీటీలో చిరుగు అంచులు, ఆ ఇరుకులో బెల్టు బిగించినట్టు నొక్కుకుపోయిన కడుపు తెలుస్తాయి. అయినా కత్తిపోటు చేసిన చిన్న చిరుగు దానికీ దొరక్కపోవచ్చు. అందుకే ఎడమ ఛాతీ కిందిభాగంలో పోటు పడితే కొందరు సర్జన్లు స్కాన్ బాగున్నా లాపరోస్కోపీతో లోపలికి చూస్తారు. పైగా వయసు మళ్లినవారి డయాఫ్రమ్‌లో ఏ దెబ్బా లేకుండానే చిన్న ఖాళీలు ఉంటాయి. వాటిని గాయమని పొరబడే ప్రమాదమూ ఉంది.

ప్రమాదం జరిగి, రోగి నిలకడగా ఉంటే నా మొగ్గు సీటీ వైపే. యంత్రం లేని ఊళ్లో మొదటి ఎక్స్‌రే బాగుందని ఇంటికి పంపేయకూడదు, మళ్లీ తీయాలి. ఛాతీలో మంటతో వచ్చినవాళ్ల సంగతి వేరు. వాళ్లలో కడుపు పైభాగం అప్పుడప్పుడు ఛాతీలోకి జారి మళ్లీ కిందికి దిగుతుంది. కదలకుండా పడుకోబెట్టి తీసే సీటీలో అది తప్పిపోవచ్చు. బేరియం మింగించి, గుటక వేస్తుండగా చూస్తే దొరుకుతుంది. అక్కడ సీటీ తొందరెందుకో నాకు అర్థం కాదు.