బండిలో ఫ్రిజ్‌కు గ్యాస్ మంట వద్దు

అమెరికాలో ఉన్న మనవాళ్లు సెలవులకు ఇల్లులాంటి పెద్ద బండి అద్దెకు తీసుకుని ఎల్లోస్టోన్ వైపు వెళ్లొస్తుంటారు. మంచాలు, స్టవ్, బాత్‌రూమ్‌తో పాటు చాలా బండ్లలో గ్యాస్‌తో నడిచే ఫ్రిజ్ కూడా ఉంటుంది. ఆ ముచ్చట ఇప్పుడు సూర్యాపేట దాకా వచ్చింది. మా చుట్టాలబ్బాయి ఒకడు టెంపో ట్రావెలర్ కొని, వెనక సీట్లు తీయించి, అమ్మానాన్నలను కాశీ తీసుకుపోతానంటున్నాడు. "గ్యాస్ ఫ్రిజ్ పెట్టిస్తే బ్యాటరీ బాధే ఉండదు గద మామా?" అని అడిగిండు. వద్దని గట్టిగా చెప్పాను. వాళ్ల నాన్నకు షుగర్. ఆ ఫ్రిజ్‌లో అన్నిటికన్నా ముందు ఉండాల్సింది ఇన్సులిన్.

గ్యాస్ ఫ్రిజ్‌ను తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. మంట పెట్టి చలి పుట్టించే ఆ యంత్రాన్ని 1922లో స్టాక్‌హోమ్‌లో ప్లాటెన్, మంటర్స్ అనే ఇద్దరు విద్యార్థులు తయారు చేశారు. లోపల అమ్మోనియా, నీళ్లు, హైడ్రోజన్ ఉంటాయి. కింద వేడి తగిలితే అమ్మోనియా నీళ్లలోంచి ఆవిరై పైకి పోతుంది, చల్లబడి ద్రవమవుతుంది, హైడ్రోజన్ ఉన్న గొట్టంలో మళ్లీ ఆవిరవుతూ పెట్టెలోని వేడిని లాగేసుకుంటుంది. మోటారు లేదు, తిరిగే భాగం ఒక్కటీ లేదు, చప్పుడు లేదు. హోటల్ గదుల్లో మంచం పక్కన కిక్కురుమనకుండా ఉండే చిన్న ఫ్రిజ్‌లలో చాలావాటిది ఇదే పద్ధతి. కరెంటు లేని అడవిలో వారం రోజులు మకాం వేసేవాళ్లకు చిన్న సిలిండర్‌తో పని జరిగిపోయేది. అందుకే అక్కడ అది అంతగా పాతుకుపోయింది.

మన ఎండలో అది నిలబడదు. బయటి గాలికన్నా పాతిక డిగ్రీల దాకా లోపల తగ్గించగలదు, చాలా మోడళ్ల సత్తా అంతవరకే. మే నెలలో మన దగ్గర 44 డిగ్రీలు మామూలు. రోడ్డు పక్కన ఎండలో ఆపిన బండిలో, ఫ్రిజ్ వెనకున్న ఇరుకు సందులో వేడి ఇంకా ఎక్కువ. 45లోంచి పాతిక తీసేస్తే మిగిలేది 20. పెరుగు పులిసిపోవడానికి అది చాలు. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టకూడదు. మధ్యాహ్నం వేడెక్కి, తెల్లవారుజామున చలికి గడ్డకట్టించే పెట్టెను నమ్మి ఆ సీసా ఎలా పెడతాం?

రెండో చిక్కు వాలు. ఆ గొట్టాల్లో ద్రవం తన బరువుకే కిందికి జారాలి కాబట్టి, ఆగి ఉన్న బండి దాదాపు మట్టంగా ఉండాలి. దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరకు రెండేళ్లకోసారి బండ్లు ఎక్కడెక్కడ ఆగుతాయో చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. గట్టు వాలులో, చేల గట్ల మీద, హైవే మార్జిన్ దిగి, ఒక చక్రం గుంటలో. అలా ఒరిగి ఉన్న బండిలో రాత్రంతా మంట వెలిగితే ద్రవం కదలదు, మరిగే చోట గొట్టం మాడిపోతుంది. వెనక రేకు విప్పి చూస్తే పసుపుపచ్చ పొడి పేరుకుని ఉంటుంది, ముక్కు పగిలే అమ్మోనియా వాసన వస్తుంది. ఆ ఫ్రిజ్ ఇక బాగుపడదు. గ్యాస్ బదులు బండి బ్యాటరీ మీద నడుపుకోవచ్చంటారు. అప్పుడది ఆగకుండా వంద వాట్లకు పైగా తాగుతుంది, తెల్లారి సెల్ఫ్ కొట్టదు.

మూడోది మంట. దీని మీద నేను రాజీ పడను. 2023 ఆగస్టు 26న మదురైలో ఆగి ఉన్న యాత్రికుల రైలు పెట్టెలో, నిబంధనలకు విరుద్ధంగా తెచ్చుకున్న సిలిండర్ వల్ల మంటలు లేచి 9 మంది చనిపోయారు. వాళ్లూ తీర్థయాత్రకు బయల్దేరినవాళ్లే. బండిలో రాత్రీపగలూ వెలిగే బర్నర్ పెట్టుకుని, పక్కనే అమ్మానాన్నలను పడుకోబెట్టి, పెట్రోలు బంకు కనిపించినప్పుడల్లా గుర్తుపెట్టుకుని ఆర్పుతూ కాశీ దాకా పోవడం అయ్యే పని కాదు. పైగా ఇంటి సిలిండర్ ఇంట్లో వంటకే, బండిలో వాడితే చట్టం ఒప్పుకోదు.

మరి ఏం పెట్టాలి? ఇంట్లో వాడే మామూలు ఫ్రిజే. ఇన్వర్టర్ కంప్రెసర్ ఉన్న 190 లీటర్ల సింగిల్ డోర్‌ది మన ఎండలో, మాటిమాటికి తలుపు తీసినా, రోజుకు యూనిట్ లోపే తాగుతుంది. 12 వోల్టుల 100 ఆంపియర్ అవర్ లిథియం బ్యాటరీలో సుమారు యూనిట్టుంపావు ఉంటుంది. బండి పైన 300 వాట్ల సోలార్ పలక వేస్తే మంచి ఎండలో రోజుకు అంతే వస్తుంది. గ్యాస్ ఫ్రిజ్‌ను ఓడించే ఎండే దీనికి కూడు పెడుతుంది. ఇంజిన్ బ్యాటరీని మాత్రం ముట్టుకోవద్దు, ఫ్రిజ్‌కు వేరే బ్యాటరీ ఉండాలి. గుంతల రోడ్డులో ఊగకుండా అడుగున రబ్బరు వేసి, నడుముకు పట్టీ బిగించి, తలుపుకు గడియ పెట్టించాలి.

టీకాల ఫ్రిజ్‌లదీ ఇదే కథ. ఒకప్పుడు కరెంటు లేని దేశాల్లో టీకాలకు కిరోసిన్, గ్యాస్ ఫ్రిజ్‌లే దిక్కు. ఉష్ణోగ్రత అదుపులో ఉండడం లేదని వాటిని పక్కన పెట్టారు. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉన్నది కంప్రెసర్ ఫ్రిజే. గోడల చుట్టూ మంచు పొర ఉంటుంది, కరెంటు పోయినా గంటల తరబడి చలి నిలుస్తుంది.

లారీవాళ్లకు నా సలహా వేరు. వాళ్లకు నిలువు ఫ్రిజ్ అక్కర్లేదు. పైకి మూత తెరుచుకునే, 24 వోల్టుల మీద నడిచే 30, 40 లీటర్ల కంప్రెసర్ పెట్టె చాలు. మూత తీసినా చలిగాలి బరువుకు లోపలే ఉంటుంది. 2025లో, కొత్తగా తయారయ్యే లారీల క్యాబిన్‌కు ఏసీ తప్పనిసరి చేశారు, మంచి పని. కానీ ఇంజిన్ ఆపి మిర్యాలగూడ మిల్లుల ముందు వరసలో పడిగాపులు కాసే డ్రైవర్‌కు మధ్యాహ్నం అన్నం పాచిపోకుండా ఉండటం, షుగరున్నవాడి మందు పాడవకుండా ఉండటం ఆ ఏసీతో తీరే పనులు కావు. మిల్లు యజమానులు ప్రహరీ గోడ వెంట పది ప్లగ్ పాయింట్లు పెట్టించి, మీటరు చూసి యూనిట్‌కింత అని తీసుకున్నా డ్రైవర్లు కాదనరు. ఏప్రిల్‌లో యాసంగి వడ్లు మొదలయ్యే లోపు ఆ పని చేయిస్తే, అసలు ఎండలు ముదిరే సరికి అది అక్కరకొస్తుంది.