నొప్పికి పర్సెంటేజీ ఎవరు వేస్తారు?

మీ ఇంట్లోనో, చుట్టాల్లోనో నడుం నొప్పితో, కీళ్ల నొప్పులతో ఏళ్ల తరబడి బాధపడుతున్న మనిషి ఒకరు ఉండే ఉంటారు. చూడ్డానికి బాగానే ఉంటారు. పెళ్లికి పిలిస్తే వస్తారు, నలుగురితో నవ్వుతూ మాట్లాడతారు. ఇంటికెళ్లాక రెండు రోజులు మంచం దిగరు. మీకు కనిపించేది ఆ పెళ్లి పూట మాత్రమే. అందుకే ‘‘ఆమెకేమైంది, బాగానే తిరుగుతోంది కదా’’ అనేస్తారు. అదే మనిషి వికలాంగుల సర్టిఫికెట్ కోసం సదరం క్యాంపుకు వెళితే అక్కడా దాదాపు ఇదే మాట ఎదురవుతుంది. కాకపోతే అక్కడ దాన్ని అంకెల్లో చెబుతారు.

జనగామ జిల్లా చిల్పూర్ మండలం సంగతే చూడండి. 2016లో కొత్త జిల్లాలతో పాటు ఏర్పడిన మండలమిది. వ్యవసాయం, కల్లుగీత, కూలి పని ఇక్కడి బతుకుతెరువులు. బుగులు తీర్చే దేవుడని భక్తులు కొలిచే వెంకటేశ్వరస్వామి గుట్ట ఇక్కడే ఉంది. ఒకప్పుడు గుట్టను చకచకా ఎక్కినవాళ్లు మోకాళ్లు, నడుం మొరాయించాక కింది నుంచే దండం పెట్టుకుంటారు. ఇలాంటి ఊళ్లో తాటిచెట్టు మీంచి జారిపడిన గీత కార్మికుడు ఒకాయన ఉన్నాడనుకుందాం. వెన్నుపూసకు దెబ్బ తగిలింది, ఆపరేషన్ అయింది, లేచి నడుస్తున్నాడు. కానీ అరగంట కూర్చుంటే కాలులోకి కరెంటు షాక్ కొట్టినట్టు నొప్పి పాకుతుంది. చెట్టెక్కలేడు, వంగి నాటు వేయలేడు, మూట ఎత్తలేడు. కాళ్లు చచ్చుబడిపోయి ఉంటే బోర్డు డాక్టర్లకు వెంటనే తెలిసేది. నడిచి వచ్చాడు కాబట్టి నొప్పిని వాళ్లకు నమ్మించుకోవాల్సిన పని ఆయన మీదే పడుతుంది.

ఆ సర్టిఫికెట్ మీద అంకెకు విలువ ఎంతో చూడండి. తెలంగాణలో 2014లో మొదలైన ఆసరా పథకం కింద దివ్యాంగుల పెన్షన్ 2023లో రూ.4,016కు పెరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి రూ.6,000 ఇస్తున్నారు. రెండు చోట్లా మామూలుగా 40 శాతం వైకల్యం ఉండాలి. 39 వస్తే పెన్షన్ లేదు. మధ్యతరగతి కుటుంబాలకు పెన్షన్ రాకపోయినా ఈ అంకెతో పని పడుతుంది. పాత పన్ను విధానంలో ఉన్న ఉద్యోగికి 40 శాతం ఉంటే రూ.75,000, 80 శాతం లేదా అంతకు మించి ఉంటే రూ.1,25,000 మినహాయింపు వస్తుంది. ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్‌కూ ఈ 40 శాతమే గీత.

నొప్పికి 9 మార్కులే

దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. అంతకుముందు ఏడుగా ఉన్న వైకల్యాల జాబితాను 21కి పెంచింది. తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్, మల్టిపుల్ స్క్లిరోసిస్, పార్కిన్సన్స్ అన్నీ అందులోకి వచ్చాయి. దీర్ఘకాలిక నొప్పి మాత్రం రాలేదు. ఫైబ్రోమయాల్జియా, తీవ్రమైన మైగ్రేన్ లాంటివాటికి ఆ జాబితాలో సొంత పేరు లేదు. కీళ్లవాతం, వెన్ను జబ్బుల వాళ్లు ‘కదలిక వైకల్యం’ అనే గడిలో ఇమడాలి.

ఆ గడిలో కొలిచేది ఏమిటి? కీలు ఎంత వంగుతోంది, కండరానికి ఎంత బలం ఉంది, మనిషి నిలకడగా నిలబడగలడా లేదా. నొప్పిని పూర్తిగా వదిలేశారని కాదు. 2001లో కేంద్రం ప్రకటించిన మార్గదర్శకాల్లో కాలి వైకల్యం లెక్కకు నొప్పి కింద అదనపు పాయింట్లు పెట్టారు. స్వల్పమైతే 3, మధ్యస్థమైతే 6, పనిని బాగా అడ్డుకునేంత తీవ్రమైతే 9. అంటే మనిషిని రాత్రంతా నిద్రపోనివ్వని నొప్పికైనా దక్కేది 9. మిగతా 31 కీళ్లలోనో కండరాల్లోనో కనిపించాలి.

వైద్యశాస్త్రం ఈలోపు చాలా ముందుకెళ్లింది. మూడు నెలలు దాటి ఉండే, లేదా మళ్లీ మళ్లీ వచ్చే నొప్పిని దీర్ఘకాలిక నొప్పి అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అమల్లోకి తెచ్చిన జబ్బుల వర్గీకరణ ఐసీడీ-11లో దీనికి విడిగా కోడ్ ఇచ్చింది. నొప్పిపై పరిశోధన చేసే అంతర్జాతీయ సంఘం 2020లో తన నిర్వచనాన్ని సవరిస్తూ, నొప్పి ఉందని మనిషి చెబితే ఆ మాటను గౌరవించాలని స్పష్టం చేసింది. ఎమ్మారైలో పెద్దగా ఏమీ లేకపోయినా నొప్పి నిజమే కావచ్చు. మన పక్కనున్న ఉమ్మడి నల్లగొండ ఫ్లోరోసిస్ అనుభవం కూడా ఇదే చెబుతుంది. ఎముకలు వంకర తిరగడం అందరికీ కనిపిస్తుంది. అంతకు చాలా ముందే కీళ్ల నొప్పులు, బిగుతు మొదలవుతాయి.

అలాగని బోర్డు డాక్టర్లను తిట్టి లాభం లేదు. దొంగ సర్టిఫికెట్ల బెడద ఉన్న మాట వాస్తవం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025లో పెన్షన్లను మళ్లీ తనిఖీ చేయించడానికి చెప్పిన కారణం కూడా అదే. క్యాంపు రోజు ఒక్కో మనిషికి దొరికేది కొద్ది నిమిషాలు. ఆ కొద్ది నిమిషాల్లో నొప్పిని చూపించాలనే ఆత్రంలో మామూలుగా నడిచే మనిషి కుంటడం మొదలుపెడతాడు. డాక్టర్‌కు అనుమానం వస్తుంది. నిజంగా ఉన్న నొప్పి కూడా నటన కింద జమ అవుతుంది. నిజాయతీపరుణ్ని ఇలా నటించే స్థితికి నెట్టే కొలత మారాలన్నదే నా వాదన.

మారడం సాధ్యమే. బ్రిటన్‌లో 2013 నుంచి ఇస్తున్న వైకల్య భృతికి జబ్బు పేరు కన్నా పని ముఖ్యం. వండుకోగలరా, స్నానం చేయగలరా, ఎంత దూరం నడవగలరు అని అడుగుతారు. ఒక్కసారి చేయగలిగితే చాలదు. ప్రమాదం లేకుండా, మళ్లీ మళ్లీ, తగిన సమయంలో చేయగలగాలి. అక్కడి విధానం మీదా విమర్శలున్నాయి. కానీ ఆ ‘మళ్లీ మళ్లీ’ అనే ప్రశ్న మన దగ్గర కూడా అడిగితే, మన గీత కార్మికుడి సంగతి తేలిపోతుంది.

మన సుప్రీంకోర్టు కూడా ఆ దారి చూపింది. చేతిరాత రాయలేని రైటర్స్ క్రాంప్ సమస్య ఉన్న ఒక అభ్యర్థి సివిల్స్ పరీక్షకు సహాయకుణ్ని అడిగితే ఇవ్వలేదు. 2021 ఫిబ్రవరిలో కోర్టు ఆయన పక్షాన తీర్పు ఇచ్చింది. అన్ని హక్కులకూ 40 శాతం గీత వర్తించదని చెప్పింది. కాబట్టి 40 కన్నా తక్కువ వచ్చిన సర్టిఫికెట్‌ను చించి పారేయకండి. ఆఫీసులో తగిన కుర్చీ, మధ్యమధ్యలో లేచి తిరిగే వీలు అడగడానికి అది ఆధారమవుతుంది. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ప్రభుత్వ ఉద్యోగిని తీసేయకూడదని, హోదా తగ్గించకూడదని చట్టంలోని 20వ సెక్షన్ చెబుతోంది.

ఇంటివాళ్లు చేయగలిగింది

విధానం మారేదాకా బోర్డుకు చూపించాల్సిన సాక్ష్యం మీ ఇంట్లోనే తయారవ్వాలి. ఒక నోటుబుక్ పెట్టండి. ‘నొప్పి బాగా ఉంది’ అని రాస్తే ఉపయోగం లేదు. ఎన్ని నిమిషాలు కూర్చోగలిగారు, రాత్రి ఎన్నిసార్లు లేచారు, తల దువ్వుకోవడానికి చేయి లేచిందా, నేల మీంచి లేవడానికి ఎవరైనా పట్టుకోవాల్సి వచ్చిందా, ఏ మాత్ర ఎన్నిసార్లు వేసుకున్నారు అని తేదీలతో రాయండి. రెండు, మూడు నెలల పుస్తకం చాలు.

ఆ పుస్తకం తీసుకెళ్లి, చూస్తున్న డాక్టర్‌తో చీటీలో జబ్బు పేరుతో పాటు చేయలేని పనులు కూడా రాయించండి. పాత ఎక్స్‌రేలు, డిశ్చార్జ్ కాగితాలు, నరాల పరీక్ష రిపోర్టులు తేదీల వారీగా పెట్టుకోండి. మందులు ఆపి క్యాంపుకు వెళ్లమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. అది ఒంటికి ప్రమాదం. వైద్యం క్రమంగా జరుగుతోందన్న రుజువే మీకు బలం. ఏళ్ల నొప్పి వల్ల మనసు కుంగిపోయి ఉంటే మానసిక వైద్యుణ్నీ కలవండి. మానసిక అనారోగ్యం ఆ 21లో ఉంది, దాని అంచనా వేరుగా చేస్తారు. బోర్డు నిర్ణయం సరికాదనిపిస్తే 59వ సెక్షన్ కింద అప్పీలు చేసుకునే హక్కు ఉంది. దళారికి డబ్బులు కట్టకండి.

అన్నిటికన్నా ముందు, క్యాంపుకు ఆ మనిషిని ఒంటరిగా పంపకండి. కొడుకో, కోడలో, భార్యో వెంట వెళ్లి చూసింది చూసినట్టు చెప్పాలి. చాలామంది పెద్దవాళ్లు డాక్టర్ అడిగితే ‘‘ఏం లేదు సారూ, నడుం జర పట్టుకుంటది’’ అని తేల్చేస్తారు. ఆ ‘జర’ వెనకాల ఎన్ని రాత్రులు ఉన్నాయో వాళ్ల పక్కన ఉండేవాళ్లకే తెలుసు. తెలిసిన మీరే అనుమానంగా చూస్తే, కొత్తగా చూసే డాక్టర్ నమ్మాలని ఎలా అడుగుతారు?