నీటి లెక్కకు ప్రమాణమేది?

హఫీజ్‌పేట రైలుస్టేషనున దిగి నలుదెసలు పరికించువానికి ఇది యొకప్పుడు పైరుపచ్చలతో నిండిన యూరని చెప్పిన నమ్మిక కలుగదు. చెంతనున్న సైబరు టవర్సు 1998వ సంవత్సరమున తలుపులు తెఱచెను. ఆ సంవత్సరమే రోమునగరమందలి ఆహార వ్యవసాయ సంస్థ, ఏ పైరునకు ఎంత నీరు కావలయునో గణించు పద్ధతిని వివరించు గ్రంథమును ప్రకటించెను. ఈ రెండింటికి సంబంధమేమని పాఠకులు శంకింపవచ్చును. సంబంధము గలదు. నేడు రైతు నీటి లెక్క పొలము గట్టున గాక, ఇట్టి మేడలలోని కంప్యూటరులయందే తయారగుచున్నది.

ఆ లెక్క మర్మము కష్టమైనది కాదు. ఎండ, గాలి, తేమ, వేడిమి ఎఱిగినచో, పొట్టిగా కోసిన పచ్చికబయలు నుండి దినమునకు ఎంత నీరు ఆవిరియగునో గణింపవచ్చును. ఇంగ్లండు దేశపు పెన్మన్ పండితుడు 1948లో ఇందుకు మార్గము చూపెను. మాంటీత్ పండితుడు 1965లో దానిని సంస్కరించెను. పచ్చికకు వచ్చిన మొత్తమును పైరు గుణకముచే హెచ్చింతురు. నడిప్రాయపు వరికి ఆ గుణకము 1.20. పచ్చికకు 5 మిల్లీమీటర్లయిన వరికి 6. ఎకరము నేలపై ఒక మిల్లీమీటరు నీరనగా 4,047 లీటర్లు. కావున ఎకరము వరి దినమునకు సుమారు 24 వేల లీటర్లు ఆవిరిగా విడుచునన్నమాట. క్రాప్‌వాట్, ఆక్వాక్రాప్ మొదలగు నమూనాలకు ఈ గణితమే మూలము.

మన తార్కికులు ప్రత్యక్షమును, అనుమానమును వేర్వేఱు ప్రమాణములుగా నెంచిరి. పొగను జూచి నిప్పు కలదనుట అనుమానము. కంప్యూటరు నమూనా చెప్పునదియు అనుమానమే. అది పొలమున నీటిని కొలిచి చెప్పుట లేదు. అనుమానము త్యాజ్యమని మేమనము. కాని న్యాయస్థానమున ఎంతటి పెద్దమనిషి సాక్ష్యమైనను ఎదురుప్రశ్నలకు నిలువనిదే చెల్లదు గదా! యంత్రము పలికినదను గౌరవముచేత ఈ సాక్షికి మాత్రము మినహాయింపు ఏల?

ఒక మిల్లీమీటరు తప్పు లెక్కలోనిది కాదని కొందఱందురు. లెక్కవేసి చూతము. దినమునకు ఒక మిల్లీమీటరు చొప్పున 120 దినములు, పది లక్షల ఎకరములపై తప్పు జరిగినచో, ఆ మొత్తము 17 టి.ఎం.సి.లకు మించును. కృష్ణాజలములలో బచావత్ న్యాయమండలి ఉమ్మడి ఆంధ్రప్రదేశమునకు కేటాయించిన 811 టి.ఎం.సి.లలో, వాడకము తరువాత నదికి తిరిగివచ్చు నీటి క్రింద చేర్చినది 11 మాత్రమే. రాష్ట్రములు ఏండ్ల తరబడి వాదులాడు మొత్తముకంటె పెద్దది ఒక గుణకములోని పొరపాటున దాగియుండగలదు! ఆ పొరపాటు తుదకు ఎవరి నెత్తిన పడును? కాలువ చివరనున్న రైతు నెత్తిన.

కావున నమూనాను తెచ్చువారిని మూడు ప్రశ్నలడుగవలెను. మొదటిది: ఏ పొలపు కొలతలతో నమూనాను సరిదిద్దితిరో, ఆ కొలతలనే చూపి సరిపోయినదనుచున్నారా? అట్లయిన అది తన పత్రమును తానే దిద్దుకొన్న విద్యార్థి వంటిది. రెండవది: చల్కనేలకు సరిపోయినది రేగడికి సరిపోయినదా? మంచి వానల యేట నిలిచినది కఱవు యేట నిలిచినదా? మూడవది: సగటు కలిసినదని చెప్పి, ఒక పొలమున ఎక్కువను మఱియొక పొలమున తక్కువను కప్పిపుచ్చుచున్నారా? సగటు నీటితో ఏ రైతు పైరును పండదు.

వరి విషయమున నాలుగవ ప్రశ్నయు గలదు. మడికి పెట్టిన నీరంతయు పైరు త్రాగదు. కొంత నేలలోనికి ఇంకి, క్రింది బావులలో ఊరును. పెట్టిన నీటిని ఖర్చయిన నీటిగా వ్రాయు లెక్క రైతును లేని దోషమునకు దోషిగా నిలుపును.

ఈ పరీక్షలకు కావలసిన శాస్త్రము మనకు దూరమున లేదు. హఫీజ్‌పేటకు కొలది మైళ్లలో, పటాన్‌చెరువున, 1972లో స్థాపింపబడిన ఇక్రిశాట్ సంస్థలో చల్కయు రేగడియు ప్రక్కప్రక్కనే యున్నవి. మట్టి నింపిన గొట్టములలో మొక్కలను పెంచి, ఆ గొట్టములను తూచి, పైరు ఎంత నీరు విడిచినదో అచ్చట ప్రత్యక్షముగ నిర్ణయించిరి. పైన పేర్కొన్న మాంటీత్ పండితుడే 1980వ దశకపు చివర అచ్చట పనిచేసెను. సూత్రకర్తయే పొలము చెంతకు వచ్చెనన్న, మనము నేర్వవలసినది లేదా?

లేనిది ఊళ్లలోని కొలత. తెలంగాణమున 2018 జనవరి 1 నుండి సేద్యమునకు ఇరువదినాలుగు గంటల ఉచిత విద్యుత్తు అమలయినది. బోరుమోటార్లలో అత్యధికభాగమునకు మీటర్లు లేవు. ఎంత నీరు తోడిరో ఎవరును కొలువనప్పుడు నమూనా చెప్పినది నిజమో కాదో తేల్చుట యెట్లు?

కొలత యన్నంతనే బిల్లు వచ్చునని రైతు జంకుచున్నాడు. ఆ జంకు అకారణమని మేమనజాలము. కాని రైతే కొలుచు మార్గము గలదు. ఈ శతాబ్దపు తొలి దశకమున అనంతపురము, మహబూబునగరము, నల్లగొండ మున్నగు ఏడు కఱవు జిల్లాలలో రైతులు తమ వానమాపకములను తామే చూచి, బావుల నీటిమట్టము తామే వ్రాసి, రబీకి ముందు నీటి బడ్జెటు వేసికొనిరి. ఆ లెక్క వారిది. కావున వారికి నమ్మిక కలిగెను.

ఇప్పుడు జరుగవలసినది ఇది. ప్రతి మండలమున ఇష్టపడిన కొందఱు రైతుల బోరులకు కొలత సాధనములమర్పవలెను. ఆ అంకెలను బిల్లులకు వాడబోమని ప్రభుత్వము చట్టముచే హామీ యీయవలెను. నమూనాల జోస్యములను, ఆ కొలతలను ప్రక్కప్రక్కన తెలుగులో అచ్చువేసి, ఎంత తప్పినదో మిల్లీమీటర్లలో ప్రకటింపవలెను. అంతవఱకు ఏ నమూనా పేరను గాని ఒక్క రైతు నీటినైనను తగ్గింపరాదు.

హఫీజ్‌పేట మేడలలో లెక్కలు వ్రాయు యువకులారా! మీరు భుజించు అన్నము ఆ నీటితోనే పండినది. మీ లెక్క తీసికొని ఒకమారు పొలమునకు పొండు. అది అచ్చట నిలిచినచో రైతే దానిని మోసికొనిపోవును. నిలువనిచో దిద్దుకొని రండు.