పరాజితుల గొంతు ఎవరిది? బొబ్బిలి కథపై ఒక అభ్యంతరం

చరిత్రను విజేతలు రాసుకుంటే పరాజితుల పక్షాన జానపదుడు పాడాడన్న అభిప్రాయం మన వీరగాథా పరిశోధనలో దాదాపు సిద్ధాంతమైపోయింది. దానికి అందరూ చూపే మొదటి ఉదాహరణ బొబ్బిలి కథ. 1757 జనవరి 24న జరిగిన ఆ యుద్ధంలో గెలిచినవారు విజయనగర ప్రభువు పూసపాటి పెదవిజయరామరాజు, అతనికి తోడు వచ్చిన ఫ్రెంచి సేనాని బుస్సీ. జనం నోట నిలిచింది మాత్రం ఓడిన రంగారాయుడి కథ. ఇంతవరకు వివాదం లేదు. అయితే ఓడిన ప్రభువు, ఓడిన సైన్యం ఒకటేనన్నట్లు మనం రాస్తూ వస్తున్నాం. ఈ వ్యాసకర్త అభ్యంతరం అక్కడ.

పెద్దాడ మల్లేశం పేరిట ప్రచారంలో ఉన్న కథలో పరాభవానికి బదులు తీర్చినవాడు తాండ్ర పాపారాయుడు. అతడు మల్లమదేవికి సోదరుడు, రాజాం కోటలో ఉన్నవాడు. కోట కూలుతున్నప్పుడు బొబ్బిలిలో లేడు. ఆలస్యంగా వచ్చి, విజయరామరాజును గుడారంలో పొడిచి, తానూ ప్రాణం తీసుకుంటాడు. రాబర్ట్ ఓర్మ్ 1778లో వెలువడిన తన సంపుటంలో ఇదే ఘటనను మరో విధంగా చెప్పాడు. రంగారాయుడు నేలకొరగడం కళ్లారా చూసిన నలుగురు సైనికులు కోటలోనే ఒక మూల దాగి, రాత్రి గోడ దిగి, శత్రుశిబిరం మీదుగానే అడవి చేరారు. తరువాత వారిలో ఇద్దరు రాజు గుడారంలో చొరబడ్డారు. రాజు దేహంపై 32 గాయాలు. ఆ నలుగురూ శిబిరం ఎలా దాటగలిగారో కూడా ఓర్మ్ చెప్పాడు: ఇరుపక్షాల వారిదీ ఒకే భాష కనుక ఎవరికీ అనుమానం రాలేదట. తెలుగు శాఖలలో పనిచేసే మనం ఈ ఒక్క వాక్యం దగ్గరైనా ఆగి ఉండవలసింది.

ఓర్మ్ ఆ సైనికుల పేర్లు చెప్పలేదు. పాట పేరు చెప్పింది. కాని యుద్ధంలో లేని దొర పేరు చెప్పింది. చివరిదాకా కోటలో ఉండి ఓటమిని చూసినవారి చర్య, రాజబంధువైన ఒక వీరుడి ప్రతాపంగా మారింది. నాటకాలు, 1964లోనూ 1986లోనూ వచ్చిన చలనచిత్రాలు ఆ మార్పును స్థిరపరిచాయి. దీన్ని పరాజిత సైన్యపు దృష్టి అనడం ఎలా కుదురుతుంది?

ఇంతకన్న బరువైన విషయం అంతఃపుర స్త్రీలది. వారి మరణాన్ని మనం ఆత్మాహుతి అని రాస్తాం, నేనూ ఎం.ఏ. జవాబుపత్రంలో అలాగే రాశాను. ఓర్మ్ కథనంలో ఆ పనికి మనుషులను నియమించారు. వారు ఇళ్లకు నిప్పుపెట్టి, మంటలలోంచి తప్పించుకోజూసిన స్త్రీలను, పిల్లలను పొడిచారు. తప్పించుకోజూడడమంటే చావడానికి ఒప్పుకోకపోవడమే. ఓడిన కోటలో అందరికన్న ఎక్కువగా ఓడినవారు వీరు. వీరి అసమ్మతికి కథాగానంలోనూ చోటు లేదు, దిట్టకవి నారాయణకవి రంగరాయచరిత్రములోనూ చోటు లేదు. ఒక సదస్సులో ఈ మాట అన్నందుకు, వీరమాతలను అవమానిస్తున్నానని ఒక పెద్దలు కోపగించుకున్నారు. వారిని అవమానించింది నా ప్రశ్నా, లేక వారి చావుకు వారినే బాధ్యులను చేసే ఆ పదమా అన్నది వారు ఆలోచించలేదు.

ఓర్మ్ ఈస్టిండియా కంపెనీ చరిత్రకారుడని, యుద్ధాన్ని కళ్లతో చూడలేదని ఆక్షేపించవచ్చు. సమంజసమే. దేశీయుల క్రౌర్యాన్ని వర్ణించడంలో అతనికి ఉత్సాహం ఉంది కూడా. కాని అదే ఓర్మ్ రంగారాయుడి శౌర్యం గురించి చెబితే సాక్ష్యంగా ఉదహరించి, స్త్రీల గురించి చెబితే పరాయివాడని తోసిపుచ్చడం పరిశోధన కాదు. పాటనూ అతని కథనాన్నీ ఒకే తూకపురాళ్లతో తూచాలి.

ఇంతకూ బొబ్బిలి వంశం ఓడిపోయిందా? ఒక వృద్ధుడు ఫ్రెంచి అధికారి లా వద్దకు చేర్చిన బాలుడు రంగారాయుడి కుమారుడు. వంశం నిలిచింది, జమీందారీ తిరిగి దక్కింది, 1891లో యుద్ధస్మారక స్తంభం లేచింది. 1932లో బొబ్బిలి రాజా మద్రాసు రాష్ట్రానికి ప్రధానమంత్రి అయ్యాడు. పరాజితుల గాథగా మనం బోధిస్తున్నది ఇంతటి పలుకుబడి కలిగిన సంస్థానం గౌరవంగా చెప్పుకున్న కథ. పాడిన జంగాలు ఆ సంస్థానం మనుషులని నేననడం లేదు. పల్లె శ్రోత దొర చావుకు ఏడ్చిన మాట నిజం. ఆ ఏడుపులో తన ఇంటి సిపాయి కోసం ఎంత భాగం ఉందో ఇప్పటి మన పద్ధతులు చెప్పలేవు.

చెప్పగల పద్ధతి ఒకటి ఉంది. ఇంతవరకు మన పాఠపరిష్కరణ శుద్ధప్రతి కోసం సాగింది. గాయకుడు సొంతంగా చేర్చిన చరణాలను ప్రక్షిప్తాలని అడుగుజ్ఞాపికలలోకి నెట్టింది. బంటు, వంటకత్తె, మావటి నోరు విప్పే అవకాశం ఉన్నది ఆ చరణాలలోనే. బొబ్బిలి కథ ప్రతులను మళ్లీ ముందు వేసుకునేవారు ముందుగా ఆ తోసివేసిన చరణాల పట్టిక తయారుచేయాలి.