నటదర్శనము

మార్కాపురము చెన్నకేశవస్వామి తిరునాళ్లకు దూరదర్శన నాటకములలో పేరొందిన యొక వృద్ధనటుడు వచ్చియుండగా, మేము గుంపును త్రోసికొనిపోయి యాయన ప్రక్కను నిలిచి ఛాయాచిత్రము తీయించుకొంటిమి. ఆయన "ఏమి చదువుచున్నారు, నాయనలారా?" యని యడిగెను. మేము బదులు చెప్పకమునుపే వెనుకవారు మమ్ము నెట్టివైచిరి. చిత్రము దొరకెను గాని మాట దొరకదయ్యెను.

1983లో హైదరాబాదు దూరదర్శనమున మొట్టమొదట తెలుగు వార్తలు చదివిన శాంతిస్వరూప్ గారు, ఎదుట అక్షరములు చూపు యంత్రము లేని దినములలో వార్తలను కంఠస్థము చేసి చదివెడివారు. వారు 2024లో దివంగతులైరి. మనము కోరవలసినది యట్టివారి ముఖమా, శ్రమయా?

కావున, విద్యార్థులారా! పెద్దనటులు గిద్దలూరికో మార్కాపురమునకో వచ్చినప్పుడు "ఈ విద్య నెట్లు నేర్చితిరి?" యని ముందడుగుడు, చిత్రము పిమ్మట. మన యూరి పలకమీది వ్రాత చెరిగినను నేర్చిన పాఠము చెరగదు గదా!