గోడమీద ఎవరి పేరు?

హత్యలు, అత్యాచారాలు చేసి శిక్ష పడినవాళ్ళ పేర్లు, ఫోటోలు అందరికీ తెలిసేట్టు ప్రకటించాలని మా హాస్టల్లో చాలామంది వాదిస్తున్నారు. అమెరికాలో 1996 నాటి మేగన్ చట్టంతో లైంగిక నేరస్థుల వివరాలు జనానికి తెలుస్తున్నాయి. మన దేశంలోనూ 2018లో అలాంటి జాతీయ జాబితా తయారైంది గాని, అది పోలీసుల కోసమే. జనానికి చూపితే తప్పేమిటని మిత్రుల ప్రశ్న.

మిత్రులారా, నేను ఆళ్ళగడ్డ పక్క పల్లెలో రైతుబిడ్డను. ముఠాకక్షల సీమవాణ్ణి. ఎవడు ఎవణ్ణి నరికినాడో తెలియడానికి మాకు జాబితా ఎందుకు, రచ్చబండ చాలు! కోర్టులో చెప్పే మనిషే దొరకడు. కళ్ళారా చూసినవాడు బోనెక్కి "నాకేమీ తెలీదు సార్" అంటాడు. మళ్ళీ ఆ ఊళ్ళోనే సేద్యం చేసుకోవాల గదా, పాపం. లేదంటే ఇరువర్గాలకూ రాజీ. ఎప్పుడైనా శిక్ష పడితే వేటకొడవలి పట్టిన కూలివాడికి పడుతుంది, పట్టించిన పెద్దమనిషికి పడడం అరుదు. ఇక జాబితాలో ఎవరుంటారు?

మా వీధిలో ఒకాయన శిక్ష ముగించుకొని వచ్చి పదేళ్ళయింది. కూతురికి సంబంధం వచ్చింది. వాళ్ళు మా నాయనను విచారించి పోయినారు, మళ్ళీ రాలేదు. ఫోటో కూడా అంటిస్తే ఆ పిల్ల ఏ ఊరికి పోవాల? హిస్టరీషీటు పోలీసుల లోపలి కాగితమేనని, ఆధారం లేకుండా అందులో మైనరు పిల్లల వివరాలు రాయరాదని సుప్రీంకోర్టు 2024 మేలో చెప్పింది ఇందుకే. మన ఆత్మకూరు దగ్గర సిద్ధాపురంలో బ్రిటిషువాళ్ళు సెటిల్మెంటు పెట్టి, కులానికి కులాన్నే నేరస్థుల లెక్కలో రాసినారు. 1871లో మొదలైన ఆ చట్టం 1952లో రద్దయింది. ముద్ర మాత్రం మనుమలదాకా వచ్చింది.

ఆడపిల్లల తల్లిదండ్రుల భయం నాకు తెలియనిది కాదు. బడిలో, హాస్టల్లో పనికి పెట్టుకునేముందు పోలీసు విచారణ తప్పనిసరి చేయండి, ఒప్పుకుంటాను.

పెద్దమనుషుల జాబితా ఒకటి ఇప్పటికే బహిరంగంగా ఉంది. 2018 సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం ఎన్నికల అభ్యర్థులు తమ కేసులను పేపర్లలో మూడుసార్లు వేయించాలి. వేయిస్తున్నారు. ఆ పేపర్లో మేము బొరుగులు, బజ్జీలు కట్టించుకుంటున్నాం.

అదే ఏడాది డిసెంబరులో సాక్షుల రక్షణ పథకాన్ని దేశమంతా అమలు చేయమని కూడా ఆ కోర్టే ఆదేశించింది. ప్రాణభయమున్న సాక్షి జిల్లా జడ్జి అధ్యక్షతన ఉండే కమిటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. మా పల్లెలో ఎవరినడిగినా ఈ సంగతి తెలీదన్నారు. గోడమీద రాయాలనుకుంటే ముందు ఇది రాయించండి. నంద్యాల బస్టాండు గోడతో మొదలుపెట్టవచ్చు, సున్నం కొట్టడానికి నేనొస్తాను.